అబ్బాయి ఎన్ని గంటల దూరంలో ఉన్నాడు?

దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం మన పల్లెలకు ఆలస్యంగా వచ్చిన అలవాటు. అంతకుముందు కూతవేటు దూరం, పూట నడక, పొద్దు నడక... ఇవే కొలతలు. క్రోసులూ ఆమడలూ ఉన్నా, దారి అడిగే బాటసారికి కావాల్సింది ఎంత దూరమన్నది కాదు, ఎప్పటికి చేరతామన్నదే. ఎండాకాలంలో అయితే మరీనూ! దారిలో నీళ్లెక్కడ దొరుకుతాయో, పొద్దు గుంకేలోపు ఏ ఊరు తగులుతుందో తెలిస్తే చాలు.

ఆ పాత కొలత ఇప్పుడు మళ్లీ వాడుకలోకి వచ్చింది. అనంతపురం నుంచి తాడిపత్రి రోడ్డులో అయిదారు కిలోమీటర్లు వెళితే వచ్చే బుక్కరాయసముద్రంలోనే చూడండి. అమెరికాలో ఉన్న కొడుకు పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని ఏ తల్లీ చెప్పదు. 'ఒకటిన్నర రోజు ప్రయాణం' అంటుంది. కువైట్‌లో ఉన్న అల్లుడైతే 'రాత్రి ఎక్కితే పొద్దున్నే దిగుతాడు' అంటుంది. తల్లి చెప్పే ఆ లెక్కకూ, విమాన సంస్థలు టికెట్ మీద అచ్చువేసే లెక్కకూ చాలా తేడా ఉంటుంది. ఒక్కోసారి ఆ తేడాలోనే ఆఖరి చూపు దక్కడమో దక్కకపోవడమో తేలిపోతుంది.

బుక్కరాయసముద్రం పేరులోనే సముద్రం ఉంది గానీ, అది చెరువు. విజయనగర రాజు బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు 1364లో పండమేరుకు అడ్డంగా దాన్ని కట్టించాడని చరిత్ర చెబుతుంది. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరో కొసన అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. అప్పటి రాజధాని హంపీ ఇక్కడికి నేరుగా గీత గీస్తే దాదాపు 145 కిలోమీటర్లు. రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున ఎద్దులబండి నడిచిందనుకున్నా, దారి వంపులు కలుపుకొని రాజుగారికి కబురు చేరడానికి వారం పట్టేది. ఆ వారంలో ఇప్పుడు అమెరికా వెళ్లి, పని చూసుకుని, తిరిగి రావచ్చు. విమానాలు నడిస్తే, చేతిలో కాగితాలు సరిగా ఉంటే!

ఊరి నుంచి రన్‌వే దాకా

ఆకాశంలో దూరం లెక్కపెట్టే ముందు నేల మీది దూరం సంగతి చూడాలి. బుక్కరాయసముద్రానికి అన్నిటికంటే దగ్గరున్న విమానాశ్రయం పుట్టపర్తి. సరళరేఖలో 60 కిలోమీటర్ల పైచిలుకు. 1990 నవంబరులో ప్రారంభమైంది. సత్యసాయి ట్రస్టుది. టికెట్ల భాషలో దానికి 'పీయూటీ' అనే మూడక్షరాల కోడు కూడా ఉంది. కానీ ప్రత్యేక విమానాలకే తప్ప, బ్యాగు పట్టుకుని వెళ్లి కువైట్ విమానం ఎక్కేందుకు పనికిరాదు. కడప విమానాశ్రయంలో ప్రయాణికుల సర్వీసులు 2015 జూన్‌లో మొదలయ్యాయి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో వచ్చింది. రెండూ నేరుగా కొలిస్తే 120-130 కిలోమీటర్ల దూరమే. కానీ అవి దేశంలోపలి చిన్న విమానాలకు సరిపోయేవి. విదేశానికి వెళ్లే మనిషి మాత్రం బెంగళూరుకే పోవాలి. లేదంటే 300 కిలోమీటర్లు దాటి శంషాబాద్‌కు.

ఇక్కడ అనంతపురం జిల్లాకు ఓ అదృష్టం కలిసొచ్చింది. 2008 దాకా బెంగళూరు విమానాశ్రయం హెచ్ఏఎల్‌లో ఉండేది. అంటే మనవాళ్లు హైవే మీద గంటల తరబడి వచ్చి, ఆ మీదట బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలి. మూడు గంటల ప్రయాణం ఒక ఎత్తు, చివరి పాతిక కిలోమీటర్లు ఒక ఎత్తు. 2008 మే 24న కొత్త విమానాశ్రయం దేవనహళ్లిలో మొదలైంది. దేవనహళ్లి ఎక్కడ? నగరానికి ఉత్తరాన, సరిగ్గా మన అనంతపురం రోడ్డు మీద! బెంగళూరువాళ్లు 'అబ్బో, ఎంత దూరం పెట్టారు' అని గగ్గోలు పెట్టారు. అనంతపురంవాళ్లకు మాత్రం విమానాశ్రయమే ఎదురొచ్చినట్టయింది.

రాప్తాడు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి. ఇదీ దారి. సుమారు 190 కిలోమీటర్లు. ఒకప్పుడు ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు నలభై నాలుగు. కారులో మూడు గంటలు, మధ్యలో టీకి ఆగితే మూడున్నర. అదే 190 కిలోమీటర్లను గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం పన్నెండు, పదమూడు నిమిషాల్లో దాటేస్తుంది.

కువైట్ లెక్క తీస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. దేవనహళ్లి నుంచి కువైట్ విమానాశ్రయానికి సుమారు 3,540 కిలోమీటర్లు. గాలిలో ఉండేది అయిదు గంటల లోపే. కానీ ఇంట్లో నుంచి కాలు బయటపెట్టింది మొదలు చూడండి. రోడ్డు మీద మూడు గంటలు, విమానానికి మూడు గంటల ముందే లైన్లో నిలబడాలి, దిగాక ఇమ్మిగ్రేషన్, సామాన్లు ఓ గంటన్నర. అంతా కలిపితే పన్నెండు గంటల పైమాటే. అందులో సగం కూడా విమానం వాటా కాదు.

దారం ముక్కతో కొలవండి

మరి అమెరికా? ఇంట్లో గోడకు వేలాడే ప్రపంచపటం చూసి చెప్పమంటే పిల్లలు ఠక్కున పడమరకు వేలు చూపిస్తారు. అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్, ఆ తర్వాత అమెరికా. పటం తప్పు కాదుగానీ, గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిస్తే దారులన్నీ వంకర పోతాయి. గ్లోబు ఉంటే ఓ దారం ముక్క తీసుకోండి. ఒక కొస బెంగళూరు మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకు పోదు. ఉత్తరానికి కాస్త తూర్పుగా వంగి చైనా మీదుగా, సైబీరియా మీదుగా, అలాస్కా పక్కనుంచి దిగుతుంది. అదే అతి దగ్గరి దారి. దాదాపు 13,990 కిలోమీటర్లు.

డాలస్‌కు పెట్టి లాగితే మరీ తమాషా. దారం ఉత్తర ధ్రువానికి ఆరేడు వందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. బెంగళూరుకూ డాలస్‌కూ మధ్య సుమారు 14,860 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్య అయినా దూరం ఇరవై వేల కిలోమీటర్లకు మించదు. ఎందుకంటే భూమి చుట్టుకొలతే నలభై వేలు. సగం దాటితే మళ్లీ దగ్గరికి వస్తున్నట్టే లెక్క.

ఆ ఇరవై వేల కిలోమీటర్ల అవతల, బుక్కరాయసముద్రానికి సరిగ్గా అడుగున ఏముంది? వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్మే లేచే జిల్లా ఇది. ఆ బోరును ఆపకుండా భూమి నడిమధ్య గుండా అటువైపు దాకా దింపితే, పెరూకు పడమరగా, ఈస్టర్ ద్వీపానికి ఉత్తరంగా, పసిఫిక్ మహాసముద్రంలో తేలుతుంది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే! కాకపోతే ఉప్పునీళ్లు. అనంతపురం రైతుకు ఎక్కడ తవ్వినా ఇదే రాత కాబోలు.

గాలి చేసే గారడీ

దూరం తెలిస్తే కాలం తెలిసిపోతుందనుకుంటాం. దూరాన్ని వేగంతో భాగించమని ఆరో తరగతి లెక్కల్లోనే చెప్పారు కదా! విమానాలకు ఆ లెక్క సగమే పనిచేస్తుంది. మిగతా సగం గాలిది.

నేల నుంచి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఏరులా పారే బలమైన గాలులుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. ఏటి వాలున ఈదేవాడికీ, ఎదురీదేవాడికీ ఎంత తేడానో, వాటిలో పోయే విమానాలకూ అంత తేడా. దీనికి ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని మించిన ఉదాహరణ లేదు. ఎయిరిండియా ఆ విమానాన్ని మొదట్లో అట్లాంటిక్ మీదుగా నడిపేది. గాలి ఎదురు. 2016 అక్టోబరులో దిక్కు మార్చి పసిఫిక్ మీదుగా పంపింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. ప్రయాణమేమో పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. మునుపటి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ! దూరం పెరిగితే కాలం తగ్గడమంటే ఇదే.

ఇక్కడ చాలామంది పిల్లలు, ఆ మాటకొస్తే పెద్దలూ అడిగే ప్రశ్న ఒకటుంది. భూమి గిర్రున తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి అక్కడే ఆగితే అమెరికాయే కిందకు రాదా? రాదు. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది. విమానం ఉండేది ఆ గాలిలోనే. కదులుతున్న రైలు పెట్టెలో ఎగిరే ఈగ వెనక గోడకు కొట్టుకోదు కదా, ఇదీ అంతే.

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆగకుండా వెళ్లే సర్వీసును ఎయిరిండియా 2021 జనవరిలో ప్రారంభించింది. అటునుంచి వచ్చిన మొదటి విమానం వార్తల్లో మోగిపోయింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ ఉత్తర ధ్రువం మీదుగా దాన్ని నడిపించి జనవరి 11 తెల్లవారుజామున దేవనహళ్లిలో దించారు. తిరిగిన దారి దాదాపు 16,000 కిలోమీటర్లని అప్పటి లెక్క. గ్లోబు మీద దారం చెప్పినదానికంటే రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ. గాలిని చూసుకుని దారి ఎంచుకోవడమంటే అలా ఉంటుంది.

ధ్రువం మీద పోవడం సరదా వ్యవహారం కాదు. విమానాల్లో వాడే జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అక్కడి పైగాలి అంతకంటే చల్లగా ఉండొచ్చు. ఇంధనం ఎంత చల్లబడుతోందో పైలట్లు కనిపెట్టుకుని ఉండాలి. అవసరమైతే కిందికి దిగాలి, లేదా వేగం పెంచాలి. అత్యవసరంగా దిగాల్సి వస్తే ఏ విమానాశ్రయం ఎంత దూరమో ముందే లెక్కవేసుకోవాలి. వీటన్నిటినీ దాటుకుని వస్తున్న కొడుకు, దిగగానే తల్లికి ఫోన్‌ చేసి చెప్పేది మాత్రం, 'అంతా నిద్రేమా, ఏం తెలీలేదు' అని.

శనివారం ఎక్కి సోమవారం దిగి

ఆ మొదటి విమానం తేదీలు మరోసారి చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరాల్సిన వేళ జనవరి 9, శనివారం రాత్రి 8.30. బెంగళూరులో దిగాల్సిన వేళ జనవరి 11, సోమవారం తెల్లవారుజామున 3.45. మధ్యలో ఆదివారం ఏమైంది? క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్న తాతకు ఇది రెండు రోజుల ప్రయాణంలా కనిపిస్తుంది. నిజానికి పదిహేడు ముప్పావు గంటలే. అక్కడి రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకు అప్పటికే మర్నాటి పొద్దున పది గంటలు. చలికాలంలో తేడా పదమూడున్నర గంటలు. వేసవిలో వాళ్లు గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుంటారు కాబట్టి పన్నెండున్నర.

వెళ్లేటప్పుడు దీనికి తిరగబడుతుంది. సోమవారం మధ్యాహ్నం రెండింటికి బెంగళూరులో ఎక్కి పదిహేడు గంటలు ప్రయాణించినా, దిగేసరికి అక్కడ ఇంకా సోమవారం సాయంత్రం అయిదున్నరే. మూడున్నర గంటల్లో అమెరికా చేరినట్టు గడియారం చెబుతుంది. ఒళ్లు మాత్రం వేరే సంగతి చెబుతుంది. టికెట్ మీద ఉండేవి ఏ ఊరి సమయం ఆ ఊరిది. రెండు అంకెలనూ తీసివేసి ప్రయాణకాలం అనుకుంటే పొరపాటే. ఊళ్లలో విమానాశ్రయానికి కారు మాట్లాడుకునేటప్పుడు జరిగే గందరగోళమంతా ఇక్కడే. తెల్లవారుజామున 3.45 అంటే ఆ ముందు రాత్రి భోంచేయగానే బయలుదేరాలని ఓ పట్టాన తట్టదు. ఒక రోజు ముందు వెళ్లి దేవనహళ్లిలో పడిగాపులు కాసినవాళ్లు ఉంటారు, ఒక రోజు ఆలస్యంగా వెళ్లినవాళ్లూ ఉంటారు.

ముప్పై ఆరు ట్యాంకర్లు

ఆగకుండా వెళ్లే విమానాలు అన్ని ఊళ్లకూ ఎందుకుండవు? ఇంధనమే కారణం. ధ్రువం మీదుగా వచ్చిన ఆ బోయింగ్ 777 రకం విమానం ట్యాంకుల్లో లక్షా ఎనభై వేల లీటర్లు పడుతుంది. ఎండాకాలంలో మన వీధుల్లోకి వచ్చే అయిదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లతో పోల్చితే ముప్పై ఆరు ట్యాంకర్లు! పైగా ఆ ఇంధనాన్ని మోయడానికే కొంత ఇంధనం కాలిపోతుంది. దూరపు బావి నుంచి బండి మీద నీళ్లు తెస్తే ఎద్దులు దారిలో సగం తాగేసినట్టు. అందుకే చాలామంది దుబాయ్‌లోనో, దోహాలోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఒకసారి దిగి ఎక్కుతారు. డాలస్ నుంచి దుబాయ్ మీదుగా బెంగళూరు వస్తే పెరిగే దూరం ఏడెనిమిది వందల కిలోమీటర్లే. పెరిగే సమయం మాత్రం నాలుగు గంటలు కావచ్చు, పద్నాలుగు గంటలూ కావచ్చు. రెండో విమానం ఎప్పుడుందన్న దాన్నిబట్టి.

దారులు మూసుకుంటే

గాలిని నమ్మొచ్చు, దేశాలను నమ్మలేం. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో రష్యా తన గగనతలాన్ని అమెరికా, ఐరోపా సంస్థలకు మూసేసింది. హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిది గంటల్లో వెళ్లే విమానం చుట్టూ తిరిగి పదమూడు గంటలు పట్టే స్థితికి వచ్చింది. అమెరికా సంస్థలు బెంగళూరుకు నేరుగా నడుపుతామని ప్రకటించిన సర్వీసులు మొదలవకుండానే ఆగిపోయాయి. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేయడంతో ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లేవాటి ప్రయాణం పెరిగింది. విమానాశ్రయాలు రెండూ ఉన్నచోటనే ఉన్నాయి. మధ్య దూరం కొత్తగా పెరగలేదు. గంటలే పెరిగాయి.

కువైట్‌తో అనుబంధమున్న సీమ కుటుంబాలకు ఇది కొత్త పాఠం కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. విమానాశ్రయం మూతపడింది. అయిదు గంటల్లో ఇంటికి చేరాల్సినవాళ్లు ఎడారి దారుల్లో బస్సులెక్కి, ఇరాక్ దాటి, జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకోవాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఎయిరిండియా 488 విమానాల్లో లక్షా డెబ్భై వేలమందికి పైగా భారతీయులను ముంబయికి తెచ్చింది. అది అప్పట్లో ప్రపంచ రికార్డు. కడప, చిత్తూరు, అనంతపురం జిల్లాల ఇళ్లలో ఆ రోజుల్లో రేడియో పక్కన కూర్చున్నవాళ్లకు కువైట్ ఎంత దూరమో అప్పుడే తెలిసింది.

ముప్పై ఏళ్ల తర్వాత అందరికీ ఒకేసారి తెలిసింది. 2020 మార్చిలో కరోనాతో ఆగిన అంతర్జాతీయ సర్వీసులు మామూలుగా నడవడం 2022 మార్చి 27 నుంచే. నడుమ వందేభారత్ విమానాలు, తర్వాత పరిమితంగా కొన్ని సర్వీసులు. దొరికినవాళ్లు వచ్చారు. దొరకనివాళ్లు ఫోన్ తెరమీదే తండ్రి పాడెను చూశారు. మూడున్నర వేల కిలోమీటర్లలో ఉన్నవాడూ, పద్నాలుగు వేల కిలోమీటర్లలో ఉన్నవాడూ ఆ రోజుల్లో సమాన దూరంలోనే ఉన్నారు.

ఎత్తేది ఎప్పుడు?

ఊళ్లో పెద్దాయన పోతే మొదట అడిగే ప్రశ్న ఇదే: 'పిల్లోళ్లు ఎప్పటికి వస్తారంట?' వెనకటికి పొద్దున పోతే సాయంత్రానికే ఎత్తేసేవారు. పక్క జిల్లాలో ఉన్న కూతురికి కూడా ఒక్కోసారి ముఖం దక్కేది కాదు. ఇప్పుడు ఫ్రీజర్ బాక్సులు అద్దెకు దొరుకుతున్నాయి. కొరివి పెట్టాల్సినవాడో, పిడికెడు మట్టి వేయాల్సినవాడో వచ్చేదాకా ఆగుతున్నారు. ఎంతసేపు ఆగాలన్నది విమానం లెక్క.

చలికాలంలో ఒక మంగళవారం రాత్రి ఎనిమిది గంటలకు కబురు వెళ్లిందనుకుందాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పుడు మంగళవారం పొద్దున ఆరున్నర. ఆ తొలి విమానం వేళల ప్రకారమే రాత్రి ఎనిమిదిన్నరకు నేరు విమానంలో సీటు దొరికితే గురువారం తెల్లవారుజామున 3.45కు దేవనహళ్లి. బయటపడి కారెక్కేసరికి అయిదు. ఎనిమిది, ఎనిమిదిన్నరకు బుక్కరాయసముద్రం. కబురందిన ముప్పై ఆరు గంటలకు ఇల్లు! ఇది అన్నీ అనుకున్నట్టు కుదిరితే. ఆ రోజు సీటు లేకపోతే, నేరు విమానమే లేని ఊళ్లో ఉంటే, గురువారం రాత్రో శుక్రవారం పొద్దునో. అంతదాకా ఆగుదామని ఒకరు, ఆగితే బాగుండదని ఒకరు. బంధువుల్లో ఈ వాదన తెగదు. తెంచాల్సింది చివరికి తల్లే.

మరి కువైట్‌లో ఉన్న తమ్ముడు? అదే రాత్రి విమానం ఎక్కితే బుధవారం మధ్యాహ్నానికే వచ్చేయాలి. అన్నకంటే రోజు ముందు. కానీ యజమాని సెలవివ్వాలి. ప్రైవేటు సంస్థల్లో పనిచేసే విదేశీ కార్మికులు దేశం విడిచి వెళ్లాలంటే యజమాని ఆమోదంతో నిష్క్రమణ అనుమతి తీసుకోవాలని 2025 జులై 1 నుంచి కువైట్ నిబంధన తెచ్చింది. అర్ధరాత్రి కబురు వస్తే ఆ ఆమోదం ఎప్పుడు దొరుకుతుంది? దగ్గర దేశంలో ఉన్నవాడే ఆలస్యంగా రావడం, అసలు రాలేకపోవడం సీమ ఇళ్లలో ఉన్నదే.

అమెరికా అబ్బాయికి రావడం కష్టం కాదు, తిరిగి వెళ్లడం కష్టం. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయి ఉంటే, మళ్లీ అమెరికా విమానం ఎక్కే ముందు ఇక్కడి కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరకాలి. అది ఎన్నాళ్లకు దొరుకుతుందో తెలీదు. అక్కడ ఉద్యోగం, బడికెళ్లే పిల్లలు, ఇంటి వాయిదాలు. పదిహేడు గంటల దారి ఒక్కోసారి నెలల దారి అవుతుంది. ఆ భయంతోనే ఆగిపోయి, పెద్దదినానికైనా వస్తానని చెప్పి, అదీ కుదరక డబ్బు పంపేవాళ్లున్నారు. వాళ్లను ఊరు తప్పుపడుతుంది. ఆ లెక్క ఎంత కష్టమో ఊరికి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఇంటికొచ్చే ప్రయాణాలన్నీ ఇలాంటివే కావు లెండి. సంక్రాంతికో, చెల్లెలి పెళ్లికో వచ్చేవాళ్లే ఎక్కువ. అప్పుడు అదే లెక్క పండగలా ఉంటుంది. విమానం ఎక్కడుందో ఫోన్‌లో చుక్కలా కనిపిస్తుంటే మనవడు తాతకు చూపిస్తాడు. 'ఇప్పుడు సముద్రం మీదుంది తాతా...' 'ఇంగ ఎంతసేపు పడతాదిరా?' చుక్క దేవనహళ్లిలో ఆగాక ఇంట్లో ఎవరూ కిలోమీటర్లు లెక్కపెట్టరు. చిక్కబళ్లాపురం దాటారంటే ఒకసారి, కొడికొండ చెక్‌పోస్టు దాటారంటే ఒకసారి ఫోను మోగుతుంది. ఓళిగలకు శనగబేడలు ఉడికి, రుబ్బి, పూర్ణం సిద్ధంగా ఉంటుంది. పెనం పొయ్యి మీద పెట్టేది మాత్రం పెనుకొండ దాటారని తెలిశాకే.